నవ్వకూడని ఫ్యాషన్ షో

రాజోలు,
శ్రావణ శుక్రవారం మర్నాడు

వదినా,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ నోటి తాళం కూడా క్షేమమని తలుస్తాను.

గొంతు ఆపరేషన్ చేసి, కార్తీకం దాకా నువ్వు మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడని అన్నయ్య ఫోను చేస్తే మా ఆయన అన్న మాట ఏమిటో తెలుసా? "గొంతులో కాయ నీకు కాదు, మీ వదినకి లేచిందా? ఆ డాక్టరు మనిషిని చూసుకోలేదేమో కనుక్కో." ఆయన అన్నం పళ్ళెంలో ఆ పూట కూర వెయ్యలేదు.

ఫోనులో మాట రికార్డు చేసి పంపుదామంటే అన్నయ్య దాన్ని రైసుమిల్లులో హమాలీలందరి మధ్యా గట్టిగా పెట్టి వింటాడు. అక్షరాలు నొక్కుదామంటే నా వేలికి ఒకటి నొక్కితే మూడు పడతాయి. అందుకని, మనిద్దరం కొత్తపేట హైస్కూల్లో కూర్చున్నప్పుడు ఎనిమిదో తరగతిలో నేను వదిలేసిన చేతిరాత మళ్ళీ మొదలెట్టాను. తప్పులుంటే అప్పటిలాగే నువ్వే దిద్దుకో.

ఇక అసలు సంగతి. మా పక్కింటి ఎలీసమ్మ టీచరు తెలుసుగా, హెడ్మిస్ట్రెస్. ఆవిడ తెల్లచీరకి పెట్టే గంజికి, లోపల ఆవిడ లేకపోయినా చీర నిలబడుతుంది. వాళ్ళాయన జీవరత్నం మాస్టారు పోయాక కూతురు పింకీని ఒక్కర్తే పెంచింది. ఆ పింకీ బట్టలు డిజైన్ చేసే చదువు చదివి, హైదరాబాదులో ఎవరి దగ్గరో పనిచేసి, ఇప్పుడు సొంతంగా ఫ్యాషన్ షో పెడుతోంది. ఎక్కడో కాదు, మన రాజోలులోనే. త్రిమూర్తులుగారి ఫంక్షన్ హాల్లో. పెళ్ళిళ్ళూ ఓణీల ఫంక్షన్లూ తప్ప ఇంకోటి ఎరగని హాలది.

వాళ్ళమ్మ ఒప్పుకుందా అంటావు. సగం ఒప్పుకుంది. మొన్న గోడవతల మాటలు నా చెవిన పడ్డాయి. సరే, నేనే చెవి పెట్టాను.

"ఒక్క షో అమ్మా. ఒక్కటే."

"షో బాగుంటే సరే. నలుగురూ నవ్వేరనుకో, కార్తీకంలో బీఈడీ కౌన్సెలింగుకి వెళ్తున్నావు. మళ్ళీ కత్తెర పట్టుకోవడం ఉండదు. సరేనా?"

"సరే."

ఆ సరే అన్న గొంతు విని నాకు కాఫీ సయించలేదు వదినా. ఆ పిల్ల చిన్నప్పుడు నా చీర కొంగులు కత్తిరించి బొమ్మలకి లంగాలు కుట్టేది. నేను అరిచేదాన్ని. లంగాలు మటుకు బాగుండేవి.

పేరున్న మనిషి ఒకరు రాకపోతే జనం రారు, జనం రాకపోతే అది షో కాదు. మీ వీధిలో బుచ్చమ్మగారి మనవరాలు దుర్గ, అదే, ఇప్పుడు సినిమాల్లో ఆరోహిణి అని పేరు మార్చుకుంది చూడు, ఆ పిల్లని నువ్వు పిలిపించాలి. ఎలా అడుగుతావో నాకు తెలియదు. నోరు లేకపోయినా నీకు చేతులున్నాయి.

సత్యం

*

మండపేట

సత్యం,

నీ ఉత్తరం ముక్కు బిగబట్టుకుని చదవాల్సి వచ్చింది. నవ్వు కూడా కూడదన్నాడు డాక్టరు. మాట కంటే నవ్వే గొంతుని ఎక్కువ లాగుతుందట. నిన్ను ఆడపడుచుగా పెట్టుకున్న మనిషికి ఎలాంటి మందు రాశాడో చూడు.

పలక పట్టుకుని బుచ్చమ్మగారి దగ్గరికి వెళ్ళాను. "మీ దుర్గ రాజోలు ఫ్యాషన్ షోకి రావాలి" అని రాశాను. ఆవిడకి కళ్ళజోడు దొరకలేదు, నాకు గొంతు లేదు. చివరికి పాలావిడ చదివి పెట్టింది.

"దానికి ఏ మర్యాద లోటూ రానివ్వరు కదా పుష్పలతా?" అంది బుచ్చమ్మగారు.

"పూచీ నాది" అని రాశాను. నీ సంగతి తెలిసి కూడా రాశాను.

దుర్గ ఒప్పుకుంది. దసరా వెళ్ళాక వస్తుందట. చివర్లో పింకీ కుట్టిన బట్టలు తనే వేసుకుని నడుస్తానంది కూడా.

ఇప్పుడు నా మాట విను. క్రితం ఏడు కలెక్టరుగారు ఆటోలో తనిఖీకి వస్తున్నారని చెప్పి త్రిమూర్తులుగారిని దండతో సెంటర్లో నిలబెట్టావు. ఆయన కొబ్బరి కమీషన్ వ్యాపారికి దండ వేసి ఫొటో దిగాడు. ఆ ఫొటో ఇంకా మా మిల్లులో తిరుగుతోంది. ఈసారి అలాంటి వేషాలు వద్దు. పింకీని చూసి నలుగురూ నవ్వితే దాని బతుకు మారిపోతుంది. నా మీద ఒట్టేసి రాయి.

పుష్పలత

*

రాజోలు,
దసరా ముందు

వదినా,

నీ మీద ఒట్టు. ఇదిగో, రాసిచ్చాను.

దుర్గ వస్తోందని చెప్తే పింకీ నన్ను వాటేసుకుని వదల్లేదు. నీకు రావాల్సింది నేను తీసుకున్నాను. వీధంతా ఇదే గోల. టైలరు దగ్గర జాకెట్లు దీపావళి దాకా ఖాళీ లేవు. నాకు మొదటి వరసలో కుర్చీ, దాని మీద సత్యనారాయణమ్మగారు అని కాగితం. చిలకాకుపచ్చ పట్టుచీర తీసి ఎండలో వేశాను.

హాలు మధ్యలో ర్యాంపు కట్టించారు. త్రిమూర్తులుగారు దాని చుట్టూ తిరిగి తిరిగి పింకీని అడిగారు.

"ఈ వంతెనేంటండి? భోజనాలు దీని మీదా అండి, కిందా అండి?"

"దీని మీద అమ్మాయిలు నడుస్తారండి."

"నడిచి ఎక్కడికి వెళ్తారండి?"

"ఈ చివరిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతారండి."

"వెళ్ళిపోయేదానికి రావడం ఎందుకండి?"

పింకీ టేపు తీసి ర్యాంపు కొలవడం మొదలెట్టింది. నిజం చెప్పాలంటే ఆ అనుమానం నాకూ ఉంది.

బట్టలు మటుకు ఎవరికీ చూపించడం లేదు. బండారులంక మగ్గాల మీద నేయించిన నూలట. నేను తలుపు సందులోంచి చూస్తే ఒక్క రంగూ కనపడలేదు, అంతా తెలుపే. "అమ్మకి కూడా చూపించలేదా?" అంటే, "చూడనంది ఆంటీ. నేనూ బతిమాలలేదు. ఆ రోజే చూస్తుంది" అంది. ఎలీసమ్మగారు మటుకు బీఈడీ కాగితాలు ఫైల్లో పెట్టి బల్ల మీద ఉంచింది. అటూ ఇటూ వెళ్తూ పింకీకి కనపడేలాగ.

నేను బుద్ధిగా ఉన్నాను. నిన్న త్రిమూర్తులుగారితో మర్యాదల గురించి రెండు మంచి మాటలు చెప్పాను, అంతే. మంచి మాటలకి ఒట్టు అడ్డం రాదు కదా.

సత్యం

*

రాజోలు,
షో అయిన మర్నాడు

వదినా,

నువ్వు లేకపోవడం తప్ప అన్నీ ఉన్నాయి.

ఆరోహిణి కారు కొబ్బరికాయల లారీ వెనకాల ఇరుక్కుపోయింది. ఆ పిల్ల కారు దిగి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, లారీ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చేసింది. వెనకాలే బుచ్చమ్మగారు చేతిసంచీతో. జనం చేతులన్నీ ఫోన్లే. ఆ పిల్ల సినిమాలో కంటే సన్నం. మా వీధి ఆడాళ్ళందరిదీ ఒకటే మాట, పాపం బొత్తిగా తిండి లేదని. ఒకావిడ అప్పటికప్పుడు పూతరేకు చేతిలో పెట్టేసింది. తినేదాకా దారి ఇవ్వలేదు.

ఇంకో విశేషం. సీరియల్లో కోడలి పాలల్లో విషం కలిపిన అత్తగారు లేదూ, ఆవిడ కూడా వచ్చింది. నిజానికి ఎంతో నెమ్మదైన మనిషి. అయినా ఆవిడ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు. "ఆ చేత్తోనే దణ్ణం పెడుతోంది చూడండి" అని వెనకనుంచి ఒకటే గొణుగుడు. కాఫీ కప్పు ఆవిడ అందిస్తే మా ఎదురింటావిడ "నాకు కాఫీ పడదండి" అని తప్పుకుంది. రోజుకి నాలుగుసార్లు తాగే మనిషి. చివరికి నేనే వెళ్ళి పక్కన కూర్చుని ఫొటో దిగాను. "కోడలు బతికే ఉందాండి?" అని అడిగితే, "వచ్చేవారం లేస్తుందమ్మా, ఎవరికీ చెప్పకండి" అంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నువ్వెలాగూ చెప్పలేవు.

లైట్లు ఆర్పి, ర్యాంపు మీద ఒక్క తెల్లదీపం వేశారు. గుండెల్లో కొట్టినట్టు మ్యూజిక్కు. అమ్మాయిలు నడిచారు. త్రిమూర్తులుగారు తన మర్యాద కొద్దీ వాళ్ళకి శాలువాలు కప్పారు, ఆయనకి ఆ ఆలోచన ఎలా తట్టిందో ఏమో. తర్వాత ఆ శాలువాలు తీసేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలీసమ్మగారు కూడా స్టేజి ఎక్కారు. షో బాగానే జరిగింది.

మిగతా విశేషాలు ఏమీ లేవు.

సత్యం

*

మండపేట

సత్యం,

అత్తగారి కాఫీ గురించి పేజీ రాసి, షో గురించి నాలుగు ముక్కలు రాసి, మిగతా విశేషాలు లేవన్నావు. నీ సంగతి నాకు తెలియదా?

బుచ్చమ్మగారు వచ్చి నా మంచం మీద కూర్చుని చెప్పారు. "మీ ఆడపడుచు నా పక్కనేనమ్మా, చిలకాకుపచ్చ చీర. శాలువాల మూట లోపలికి రాకముందే నవ్వడం మొదలెట్టింది. కాసేపటికి ఆ నవ్వు చప్పున ఆగిపోయింది. చెప్పులు వదిలేసి పరిగెత్తింది."

రాని మూటకి ముందే నవ్వు ఎలా వచ్చింది? నవ్వు ఎందుకు ఆగింది? పింకీ ఏమైంది? ఇవేవీ నువ్వు రాయలేదు.

నా మీద ఒట్టేశావు. నిన్న డాక్టరు మళ్ళీ చూశాడు. గొంతు వస్తుందా అని పలక మీద రాస్తే, చూద్దామమ్మా అన్నాడు. నువ్వూ చూద్దాం అనకు. జరిగింది జరిగినట్టు రాయి.

పుష్పలత

*

రాజోలు

వదినా,

రాస్తున్నాను. కూర్చుని చదువు.

త్రిమూర్తులుగారితో నేను అన్న మంచి మాటలు ఇవి. "హైదరాబాదులో అయితే ర్యాంపు మీదకి వచ్చిన ప్రతి అమ్మాయినీ అక్కడికక్కడే సన్మానిస్తారటండి. మన కోనసీమ వాళ్ళకి ఆ మర్యాద తెలియదని అక్కడ చెప్పుకుంటున్నారట. నాకెందుకులెండి." అంతే. మర్యాద తెలియదు అన్న మాట విన్నాక ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఒక్క శాలువా తెచ్చి ఆరోహిణికి కప్పుతాడు, ఫొటోలో ఆయన పొట్ట పడుతుంది, నీకు రాయడానికి ఓ ముక్క దొరుకుతుంది అనుకున్నాను. మూట తెస్తాడని నా తల్లోకి రాలేదు.

మొదటి అమ్మాయి నాలుగు అడుగులు వేసింది. బట్టలు ఇంకా సరిగ్గా కంటికి ఆననే లేదు. "ఆగమ్మా, ఆగు" అంటూ త్రిమూర్తులుగారూ హాలు కమిటీ వాళ్ళూ ర్యాంపు ఎక్కేశారు. మెడనుంచి పాదాల దాకా కాషాయం రంగు శాలువా, జరీ అంచు. హైదరాబాదు నుంచి పింకీ తెప్పించిన మోడలు, తెలుగు రాదు. ఇదీ షోలో భాగమే కాబోలనుకుని దణ్ణం పెట్టి పక్కకి నిలబడింది. రెండో పిల్ల వచ్చింది, శాలువా. మూడో పిల్ల, శాలువా. వచ్చినవాళ్ళని వచ్చినట్టే కప్పేసి వరసగా నిలబెట్టారు, కొత్త వార్డు మెంబర్లు ప్రమాణం చెయ్యడానికి నిలబడ్డట్టు. చివర ఆరోహిణి వస్తే శాలువాతో పాటు గజమాల కూడా. ఆ పిల్ల మొహం తప్ప ఏమీ కనపడలేదు.

జనం నవ్వడం మొదలెట్టారు. వెనక వరసల్లోంచి వచ్చింది ఆ నవ్వు. నేను అప్పటికే నవ్వుతున్నాను. బుచ్చమ్మగారు చూసింది నిజం.

అప్పుడు తెర పక్కనుంచి పింకీ కనపడింది. నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. దారం ఎక్కించిన సూది ఒకటి చేతిలో పట్టుకుని దాన్నే చూస్తోంది. ఇటు తిరిగి చూస్తే ఎలీసమ్మగారు లేచి హ్యాండుబ్యాగు భుజానికి తగిలించుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ నడకకి అర్థం నాకు తెలుసు. బల్ల మీద ఫైలు.

నా నవ్వు గొంతులోనే ఎండిపోయింది వదినా. నీకు ఆపరేషన్ చేసిన చోటే అయ్యుంటుంది.

చెప్పులు వదిలేసి ర్యాంపు ఎక్కాను. త్రిమూర్తులుగారి చేతిలో మైకు లాక్కున్నాను. ఏం చెప్పాలో తెలియదు. ఎదురుగా గుడ్డ కప్పిన ఆకారాలు వరసగా కనపడ్డాయి. మన ఊళ్ళో గుడ్డ కప్పి ఉన్నదాన్ని ఏం చేస్తారు? విగ్రహమైనా శిలాఫలకమైనా వదిలిపెడతారా?

"సభకు నమస్కారం. సన్మానం పూర్తయ్యింది. ఇప్పుడు ఆవిష్కరణ" అన్నాను.

నవ్వు ఆగి చప్పట్లు పడ్డాయి. ఆవిష్కరణ అంటే చప్పట్లు కొట్టడం మనవాళ్ళకి అలవాటే కదా.

త్రిమూర్తులుగారు ముందుకొచ్చారు. "ఆవిష్కరణ నా చేతుల మీదుగానేనండి."

"ఆడపిల్లల మీది శాలువా మగాళ్ళు తీస్తారా అండీ? ఇదేనా కోనసీమ మర్యాద?"

"ఆయ్, నిజమేనండి" అని వెనక్కి తగ్గారు.

"మొదటి ఆవిష్కరణ, మన హెడ్మిస్ట్రెస్ శ్రీమతి ఎలీసమ్మగారి చేతుల మీదుగా" అన్నాను. ఆవిడ అప్పటికి గుమ్మం దాటబోతోంది. మైకులో పేరు పిలిచాక వెనక్కి తిరగని మనిషి కోనసీమలో ఇంకా పుట్టలేదు. తిరిగింది. నా వంక చూసిన చూపుకి నేను మళ్ళీ ఎనిమిదో తరగతికి వెళ్ళిపోయాను. వచ్చింది. మెట్లెక్కి, శాలువా కొస పట్టుకుని లాగింది.

వదినా, ఆ బట్ట నీకు ఎలా చెప్పను? తెల్ల నూలు. మెడ దాకా బొత్తాలు, మోచెయ్యి దాకా చేతులు, నడుం నుంచి పాదాల దాకా కుచ్చిళ్ళే కుచ్చిళ్ళు. ఎలీసమ్మగారు ఆదివారం చర్చికి కట్టుకునే చీర కుచ్చిళ్ళు చూశావుగా, అవే. ఆ చేతులు కూడా ఆవిడవే, పింకీని ఎత్తుకున్న పాత ఫొటోలో ఆవిడ వేసుకున్న జాకెట్టువి. ఆ పిల్ల ఏళ్ళ తరబడి తల్లిని చూసి చూసి దాన్నే బట్టగా కుట్టింది. ర్యాంపు మీద తెల్లచీరలో ఈవిడ, ఎదురుగా తెల్లబట్టల్లో ఆ అమ్మాయి. హాలు మొత్తానికి అర్థమయ్యింది.

ఎలీసమ్మగారు వంగి అంచు పట్టుకుంది. తిరగేసి కుట్టు చూసింది. స్కూల్లో పిల్లల యూనిఫారం చూసినట్టే రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. మైకు ఆవిడ మొహం దగ్గరే పెట్టాను నేను.

"గంజి చాల్లేదు" అంది.

హాలు హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కిందికి దిగి తన కుర్చీలో కూర్చుంది, వెళ్ళిపోలేదు.

ఇక ఆగలేదు వదినా. సీరియల్ అత్తగారు రెండో శాలువా తీసింది, ఆవిడకి కూడా చప్పట్లే. ఒక్కొక్క శాలువా దగ్గరా "తియ్యండి, తియ్యండి" అని జనం, లోపల ఏముందోనని పందేలు. ఒక్కొక్క తెలుపు ఒక్కొక్క తీరు. చివర ఆరోహిణిని బుచ్చమ్మగారు ఆవిష్కరించారు, గజమాల తీసి తన మెళ్ళో వేసుకుని మరీ. కుర్చీలెక్కి చూశారు జనం.

ఇంటికొచ్చాక పింకీ గోడ దగ్గర నిలబడి ఒక్కటే మాట అంది. "నలుగురూ నవ్వేరు కదా ఆంటీ." తల్లీ కూతుళ్ళ మధ్య ఇప్పటిదాకా ఆ మాట రాలేదు. ఫైలు బల్ల మీదే ఉంది. కౌన్సెలింగు దగ్గరికొస్తోంది.

సత్యం

*

మండపేట

సత్యం,

చదివాను. రెండుసార్లు చదివాను.

కార్తీకంలో ఒక మాట అని చూడమన్నాడు డాక్టరు. ఆ మొదటి మాట నిన్ను తిట్టడానికి దాచుకున్నాను. ఏ తిట్టో ఇంకా తేల్చుకోలేదు, చాలా ఉన్నాయి.

శాలువాల వెనకాల ఉన్నది నువ్వేనని పింకీకి చెప్పు. వాళ్ళమ్మకీ చెప్పు. ఆ నవ్వు నీ లెక్కలో పడాలి, ఆ పిల్ల లెక్కలో కాదు.

పుష్పలత

*

రాజోలు,
కార్తీకం

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని కౌన్సెలింగు రోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో పొయ్యి మీద పెద్ద డేగిసా కాగుతోంది. ఎలీసమ్మగారు కొంగు దోపుకుని కర్రతో కలుపుతోంది. ఎవరింట్లోనైనా పెళ్ళి భోజనాలా అనుకున్నాను. చూస్తే గంజి.

గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. త్రిమూర్తులుగారూ, మంచి మాటలూ, అన్నీ.

"నాకు తెలుసండి" అంది ఎలీసమ్మగారు కలపడం ఆపకుండా. "ఆయనకి అంత తెలివి లేదు. ఈ వీధిలో ఆ తెలివి ఒక్కరికే ఉంది."

"మరి నలుగురూ నవ్వితే బీఈడీ అన్నారు కదండీ?"

పింకీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ దాని వంక చూడలేదు. డేగిసాలోకే చూస్తూ అంది. "నవ్వేరు. మొదట మీ శాలువాలకి నవ్వేరు. తర్వాత నా మాటకి నవ్వేరు. దాని బట్టలకి ఎవరూ నవ్వలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

పింకీ వచ్చి తల్లి వీపుకి మొహం ఆనించి నిలబడింది. "జరుగు, గంజి పొంగుతుంది" అంది ఆవిడ. జరగలేదు ఆ పిల్ల. గంజి పొంగింది.

హైదరాబాదులో ఇంకో షో ఖాయమయ్యింది వదినా. ఆరోహిణి తనే మాట్లాడి ఒప్పించిందట. ర్యాంపు మీద అందరికీ ముందు శాలువాలు కప్పి తర్వాత తీస్తారట, అక్కడివాళ్ళకి అదే తెగ నచ్చిందట. త్రిమూర్తులుగారు మీసం మెలేస్తూ తిరుగుతున్నారు, ఆ ఫ్యాషను కనిపెట్టింది తానేనని. చెప్పుకోనీ, నేను కాదనను. నాకు పింకీ వేసిన శిక్ష, మిగిలిన కాషాయం శాలువాలతో కుట్టిన కోటు. అది వేసుకుని హైదరాబాదులో మొదటి వరసలో కూర్చోవాలట.

ఇప్పుడు ఇటు చూడు. వాళ్ళ ప్రహరీ ఈ కొసనుంచి ఆ కొస దాకా తాడు కట్టారు. దాని మీద ఆ తెల్లబట్టలన్నీ ఫెళఫెళమంటూ ఆరుతున్నాయి. వీధిలో పోయేవాళ్ళందరూ సైకిళ్ళాపి చూస్తున్నారు. మధ్యలో కుర్చీ వేసుకుని, రిటైరయ్యే ముందు స్కూలు నుంచి తెచ్చుకుంటానన్న బెత్తం ముందే తెచ్చేసుకుని, హెడ్మిస్ట్రెస్ గారు కాకులని తోలుతున్నారు. ఒక్కొక్క కాకినీ "ఏయ్, నువ్వు, వెనక వరస" అని పిలిచి మరీ తోలుతున్నారు.

ఆవిడ నీకో కబురు చెప్పమన్నారు. మీ మిల్లులో పాత బియ్యం ఉంటే ఒక మూట పంపమని. కొత్త బియ్యం గంజి నిలబడదట.

సత్యం

*

మండపేట

సత్యం,

పాత బియ్యం మూట రేపు మన లారీలో వస్తోంది. మూట పక్కన నేనూ వస్తున్నాను.

నిన్ను తిట్టడానికి దాచుకున్న మొదటి మాట ఖర్చయిపోయింది. నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం చదువుతూ కాకుల దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ముక్కు బిగబట్టుకున్నాను, ఆగలేదు. గట్టిగానే వచ్చింది, వీధిలోకి వినపడేంత. ఆ గొంతు నాదేనా అని నేనే భయపడ్డాను.

మీ అన్నయ్య మిల్లు ఆపించి పరిగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా తవుడు. హమాలీలు కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమైంది పుష్పా?" అన్నాడు.

"గంజి చాల్లేదు" అన్నాను.

పుష్పలత